డాలస్‌లో వెనక నుంచి కారు గుద్దితే ఏం చేయాలి

డాలస్‌కి కొత్తగా వచ్చినవాళ్లకి అందరూ చెప్పే మాట, "వెనక నుంచి గుద్దినవాడిదే తప్పు, టెన్షన్ పడకు" అని. చాలాసార్లు అదే నిజమవుతుంది. ముందు కారు ఆగితే గుద్దకుండా ఆపుకోగలిగేంత దూరం ఉంచాలని టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 545.062 సెక్షన్ చెప్తోంది. కానీ గుద్దాడు కాబట్టి తప్పు వాడిదేనని దానంతటదే తేలిపోదు, ఇక్కడి కోర్టులు ఒప్పుకోవు. మీ బ్రేక్ లైట్లు వెలగకపోయినా, పక్క లేన్ నుంచి ఉన్నట్టుండి దూరి బ్రేక్ కొట్టినా తప్పులో మీకూ వాటా వేస్తారు. ఆ వాటా 20 శాతమైతే మీకొచ్చే డబ్బులో 20 శాతం కోత, 50 శాతం దాటిందా, ఒక్క డాలరు కూడా రాదు.

అందుకే సాక్ష్యం ముఖ్యం. ఎవరికీ దెబ్బలు తగలక, కార్లు నడిచేలా ఉంటే ఫ్రీవే మధ్యలో నిలబడి వాదించుకోకండి, పక్కకు తీయాలన్నది చట్టమే. రెండు బంపర్లూ నంబర్ ప్లేట్లూ పడేలా ఫొటోలు, అవతలివాళ్ల లైసెన్సు, ఇన్సూరెన్సు కార్డు ఫొటోలు, చూసినవాళ్ల ఫోన్ నంబరు తీసుకోండి. కంగారులో అలవాటుగా తప్పు నాదేనని అనేయకండి. మూడు కార్లు వరసగా గుద్దుకుని, మీరు అన్నిటికన్నా ముందు కారులో ఉంటే, మీకు ఒక కుదుపు తెలిసిందా, రెండా అని అడుగుతారు. ఒక్కటే అయితే మధ్య కారుని వెనకవాడు నెట్టి ఉండొచ్చు, రెండైతే మధ్యవాడు ముందే మిమ్మల్ని గుద్ది ఉండొచ్చు, కాబట్టి అది అప్పుడే రాసిపెట్టుకోండి.

తప్పంతా అవతలివాళ్లదే అయినా వాళ్ల పాలసీలో ఎంతుందన్నది ఇంకో సంగతి. టెక్సస్‌లో ఉండాల్సిన కనీస కవరేజీ గాయాలకు ఒక్కొక్కరికి 30 వేలు, అందరికీ కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. కొత్త కారు తుక్కయితే ఆ 25 వేలు ఏ మూలకీ రావు, అసలు ఇన్సూరెన్సే లేనివాళ్లూ రోడ్డు మీద తిరుగుతుంటారు. అందుకే మీ పాలసీలో అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ (గుద్దినవాడికి ఇన్సూరెన్సు లేకపోయినా, చాలకపోయినా మీ నష్టానికి ఇచ్చేది), పర్సనల్ ఇంజ్యూరీ ప్రొటెక్షన్ (వైద్యం ఖర్చుకి ఇచ్చేది) రెండూ తీసుకోండి. కంపెనీ వీటిని ఇవ్వజూపాలి, మీకు వద్దంటే రాసివ్వాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ప్రీమియం తగ్గుతుంది కదా అని ఆ వద్దు మీద సంతకం పెట్టేయకండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి మీ కారులో కూర్చున్నప్పుడు, తప్పెవరిదైనా వాళ్ల వైద్యం ఖర్చు పాలసీ పరిమితి మేరకు ఆ రెండోది చూసుకుంటుంది.

మెడనొప్పి మర్నాడు మొదలవ్వచ్చు, డాక్టరుకి చూపించుకోండి. గాయాల మీద కేసుకి రెండేళ్ల గడువు ఉంది, చెక్కు పంపుతాం అనగానే రిలీజ్ కాగితం (ఇక ఏమీ అడగనని రాసిచ్చేది) మీద సంతకం పెట్టకండి.