దేశాల మధ్య క్యాన్సర్ భారాన్ని ఎలా పోల్చాలి?

పోయిన ఏడాది మా పిన్ని వైద్యం కోసం నెల్లూరు నుంచి చెన్నై వచ్చి కొన్ని నెలలు మా ఇంట్లోనే ఉంది. ఆస్పత్రి వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు వాళ్ల అబ్బాయి ఫోన్‌లో ఏదో చూసి, "అన్నయ్యా, మన దేశంలో లక్షకి వంద మందికే క్యాన్సర్ వస్తుందంట, ఆస్ట్రేలియాలో 460 పైనంట. మరి ఇక్కడ ఇంత జనమేంటి?" అని అడిగాడు. వాడు చూసిన అంకెలు తప్పు కాదు, 2022 అంచనాలే. కానీ ఆ రెండు అంకెలు చూసి మనకి పర్వాలేదు అనుకుంటే మాత్రం చాలా పెద్ద పొరపాటు. ఆ రోజు వాడికి చెప్పిందే ఇక్కడ వరసగా, ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను. లెక్కలంటే టెన్షన్ పడకండి, కూడిక, గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందు అంకెలు తెచ్చుకోండి

ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు గ్లోబోకాన్ పేరుతో 185 దేశాల అంచనాలు ఇస్తారు. నెట్‌లో వాళ్ల 'క్యాన్సర్ టుడే' పేజీ తెరిచి దేశం, ఆడా మగా, క్యాన్సర్ రకం ఎంచుకుంటే అంకెలు వచ్చేస్తాయి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. కాగితం మీద రెండు గళ్లు గీసుకుని ఒకదాంట్లో కొత్త కేసులు, ఇంకోదాంట్లో మరణాలు రాసుకోండి. ఈ రెండూ కలిపి చూడకపోతే ఏ దేశం గురించీ మాట్లాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

2022లో ప్రపంచమంతా కలిపి కొత్త కేసులు దాదాపు 2 కోట్లు, మరణాలు 97 లక్షలు. మన దేశంలో కొత్త కేసులు 14 లక్షలు, మరణాలు 9 లక్షల పైన. అమెరికాలో కొత్త కేసులు దాదాపు 24 లక్షలు, మరణాలు 6 లక్షలు. జబ్బు బయటపడింది వాళ్లలో ఎక్కువ మందికి, పోయింది మనవాళ్లు ఎక్కువ మంది. అయితే మన జనాభా వాళ్లకి నాలుగింతలు కాబట్టి ఈ మొత్తాల్ని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. ఎన్ని ఆస్పత్రులు కావాలి, ఎన్ని యంత్రాలు, ఎంతమంది నర్సులు అని లెక్కేసే వాళ్లకి ఈ మొత్తాలే కావాలి. పోలికకి మాత్రం రేటు, అంటే ఏడాదికి లక్ష మందిలో ఎంతమంది అన్న లెక్క కావాలి.

తర్వాత వయసుని సరిచేయండి

క్యాన్సర్ ఎక్కువగా వయసు మీద పడ్డాక వచ్చే జబ్బు. అందుకే ముసలివాళ్లు ఎక్కువున్న దేశంలో, అక్కడ ప్రత్యేకంగా ఏ ముప్పూ లేకపోయినా, కేసులు ఎక్కువగానే కనిపిస్తాయి. ఊహకి రెండు ఊళ్లు తీసుకోండి. రెండింట్లోనూ చిన్నవయసు వాళ్లలో లక్షకి 50 మందికి, పెద్దవాళ్లలో లక్షకి 500 మందికి జబ్బు వస్తోంది, అంటే ముప్పు ఒకటే. మొదటి ఊళ్లో నూటికి 20 మంది పెద్దవాళ్లు, రెండో ఊళ్లో 50 మంది. మామూలుగా లెక్కేస్తే మొదటి ఊరి రేటు 140, రెండోదానిది 275 వస్తుంది. ఉత్తి వయసు తేడా అది! ఇప్పుడు రెండు ఊళ్లకీ ఒకే కొలత పెట్టండి, నూటికి చిన్నవాళ్లు 75, పెద్దవాళ్లు 25 అనుకోండి. 50ని 0.75తో, 500ని 0.25తో గుణించి కలిపితే రెండు ఊళ్లకీ 162.5 వస్తుంది. దీన్నే వయసు సవరించిన రేటు అంటారు. జపాన్‌కి చెందిన సెగీ అనే పరిశోధకుడు 1960లో ఇచ్చిన, తర్వాత కాస్త మార్చిన 'ప్రపంచ జనాభా' నమూనానే గ్లోబోకాన్ ఇప్పటికీ కొలతగా వాడుతోంది.

నిజం అంకెలతో చూడండి. జపాన్‌లో మామూలు రేటు లక్షకి 800 దాకా ఉంటుంది, మన దగ్గర సుమారు 100. ఎనిమిదింతల తేడా. వయసు సవరించాక జపాన్ 270 దగ్గరికి దిగుతుంది, మనది దాదాపు అక్కడే ఉండిపోతుంది. ఎనిమిదింతలు కాస్తా మూడింతల లోపుకి వచ్చేసింది చూడండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. యూరప్, అమెరికా తమ లెక్కలకి వేరే నమూనా జనాభాలు వాడుతుంటాయి, కాబట్టి ఒక చోట నుంచి ఒక రేటు, ఇంకో చోట నుంచి ఇంకో రేటు తెచ్చి పోల్చకండి. రెండోది చర్మ క్యాన్సర్. మెలనోమా (ప్రాణం మీదికి తెచ్చే రకం చర్మ క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లు ఆస్ట్రేలియాలో విపరీతం, వాటితో చనిపోయేవాళ్లు చాలా తక్కువ, కాబట్టి అవి కలిపిన రేటా, తీసేసిన రేటా అని చూసుకోండి. మా తమ్ముడు చూసిన 460లో అవి కలిసే ఉన్నాయి.

కేసుల్ని మరణాలతో కలిపి చదవండి

దక్షిణ కొరియాలో 1999లో క్యాన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు లేకపోయినా ముందే పరీక్షలు చేసి చూడటం) కార్యక్రమం మొదలయ్యాక చాలామంది మెడకి కూడా అల్ట్రాసౌండ్ తీయించుకున్నారు. 2011 వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. మరణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. అంటే జబ్బు పెరగలేదు, ఎప్పటికీ హాని చేయని చిన్న చిన్న గడ్డల్ని కూడా వెతికి పట్టుకున్నారు. కేసులు మాత్రమే చూసేవాళ్లకి కొరియా భయంకరంగా కనిపిస్తుంది.

మన సంగతి దీనికి తలకిందులు. రొమ్ము క్యాన్సర్ తీసుకుని మరణాల్ని కొత్త కేసులతో భాగించండి. 2022లో మన దేశంలో కేసులు 1.92 లక్షలు, మరణాలు 98 వేలు, అంటే 0.51. అమెరికాలో 2.74 లక్షలు, 43 వేలు, అంటే 0.16. ఈ నిష్పత్తి బతికే అవకాశానికి సరైన కొలత కాదు, ఎందుకంటే ఈ ఏడాది చనిపోయినవాళ్లు ఈ ఏడాది జబ్బు బయటపడినవాళ్లే కానక్కర్లేదు. అయినా మన దగ్గర జబ్బు ఆలస్యంగా బయటపడుతోందనీ, వైద్యం అందరికీ అందడం లేదనీ ఈ ఒక్క భాగహారం గట్టిగానే చెబుతుంది. రోగుల్ని ఏళ్ల తరబడి గమనించి చేసిన కాంకర్డ్ అధ్యయనం కూడా అదే చెప్పింది, 2010-14 మధ్య రొమ్ము క్యాన్సర్ బయటపడిన వాళ్లలో అయిదేళ్లు బతికే అవకాశం అమెరికాలో నూటికి 90, మన దగ్గర 66.

పోయిన ఏళ్లని లెక్కేయండి

45 ఏళ్ల తల్లి పోవడం, 80 ఏళ్ల తాతగారు పోవడం మరణాల గడిలో ఒకటీ ఒకటీ, అంతే. కుటుంబానికి రెండూ ఒకటి కావు. ఆ తేడా పట్టుకోవడానికే డ్యాలీ అనే కొలత ఉంది, 1990ల మొదట్లో ప్రపంచ బ్యాంకు నివేదిక కోసం క్రిస్టఫర్ మరే, అలన్ లోపెజ్ తయారు చేశారు. తొందరగా చనిపోవడం వల్ల పోయిన ఏళ్లు, జబ్బుతో గడిపిన ఏళ్లు, ఈ రెండూ కలిపితే డ్యాలీ.

ఒకావిడ ఏడాది వైద్యం చేయించుకుని, జబ్బు ఒళ్లంతా పాకాక ఇంకో ఏడాది బతికి 45వ ఏట పోయిందనుకుందాం. వైద్యం నడిచే దశకి 0.288, పాకిన దశకి 0.451 అని తీవ్రత అంకెలున్నాయి (పూర్తి ఆరోగ్యం 0, మరణం 1 అనుకుంటే). ఒక్కో ఏడాదే కాబట్టి కలిపితే జబ్బు వల్ల పోయింది 0.739 ఏడాది. చనిపోవడం వల్ల పోయినవి నలభై ఏళ్ల పైమాటే. క్యాన్సర్ భారం దాదాపు అంతా ముందే ఆగిపోయిన జీవితాలదే, 2019లో ప్రపంచమంతా లెక్కేస్తే డ్యాలీల్లో నూటికి 97 ఈ వాటానే. దేశాలవారీ అంకెలు కావాలంటే సియాటెల్‌లోని ఐహెచ్‌ఎంఈ సంస్థ నడిపే 'జీబీడీ కంపేర్' పేజీలో దొరుకుతాయి.

ఎవరు లెక్కపెట్టారో కనుక్కోండి

చివర్లో రాస్తున్నా గానీ ఏ అంకెనైనా నమ్మే ముందు చేయాల్సిన పని ఇది. డెన్మార్క్‌లో 1942 నుంచి దేశమంతటికీ క్యాన్సర్ రిజిస్ట్రీ, అంటే బయటపడిన ప్రతి కేసునీ రాసిపెట్టే పట్టీ ఉంది. మన దగ్గర ముంబైలో 1963లో, చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో 1981లో, బెంగళూరులో కిద్వాయ్‌లో 1982లో మొదలయ్యాయి. ఇప్పటికీ రిజిస్ట్రీల పరిధిలో ఉన్నది దేశ జనాభాలో కొద్ది భాగమే, మిగతాది అంచనా. మరణాల లెక్క ఇంకా బలహీనం, నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం రాసిచ్చేవి నూటికి 22 దగ్గరే.

పైగా దేశం మొత్తానికి ఒకే అంకె అంటే చాలా దాచేస్తుంది. 2012-16 రిజిస్ట్రీ లెక్కల్లో మగవాళ్ల రేటు మిజోరాంలోని ఐజ్వాల్‌లో 269.4, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, బీడ్‌లలో 39.5. ఒకే దేశం, దాదాపు ఏడింతల తేడా.

ఇక మా తమ్ముడు అడిగిన వరండాలోని జనం సంగతి. వాళ్లలో చాలామంది చెన్నై వాళ్లు కాదు, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు, మా పిన్నిలాగే. రిజిస్ట్రీ నియమం ప్రకారం ఒక ప్రాంతంలో కనీసం ఏడాదిగా ఉంటున్నవాళ్లే ఆ ప్రాంతం లెక్కలోకి వస్తారు, వైద్యం ఎక్కడ జరిగిందన్నది కాదు. రిజిస్ట్రీ సిబ్బంది ఆస్పత్రి ఆస్పత్రికీ తిరిగి కేసు షీట్లు చూసి చిరునామాలు రాసుకుంటారు. మా తమ్ముడు రిజిస్ట్రేషన్ ఫారంలో సులువుగా ఉంటుందని మా ఇంటి చిరునామా రాశాడు. అలా వదిలేస్తే ఆవిడ చెన్నై మనిషిగా లెక్కలోకి వెళ్లిపోవచ్చు, నెల్లూరు లెక్కలో ఒకటి తగ్గుతుంది. కౌంటర్‌కి వెళ్లి శాశ్వత చిరునామా గడిలో నెల్లూరుది రాయించి, ఫోన్ కోసం మాత్రం మా నంబర్ ఇచ్చాం. అయిదు నిమిషాలు పట్టింది. మీరూ ఎవరినైనా వైద్యానికి తీసుకొస్తే ఆ గడిలో అసలు ఊరే రాయండి.