రసమలై ఎన్నాళ్లు ఉంటుంది, పాడైతే ఎలా తెలుస్తుంది

లడ్డూ డబ్బా పక్కన పెట్టాం కదా అని రసమలైని కూడా అదే లెక్కన చూస్తే కుదరదు. లడ్డూలో తడి తక్కువ, చక్కెర ఎక్కువ. రసమలై అంటే స్పాంజిలా పాలు పీల్చుకున్న పాల విరుగుడు ముద్ద, దానిచుట్టూ మళ్లీ పాలే. అందుకే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సూచనల్లో కూడా దీనికి ఫ్రిజ్‌లో పెట్టినా 2 రోజులే. విడిగా అమ్మే స్వీట్లకు బెస్ట్ బిఫోర్ తేదీ షాపులో కనబడేలా పెట్టాలని 2020 అక్టోబర్‌లో రూలు తెచ్చారు, ఇప్పుడు తేదీ కనబడకపోయినా మొహమాటపడకుండా అడగండి.

ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, అదీ తలుపు అరలో కాదు, లోపల వెనకవైపు. 4 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉండాలి. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బా మంచిది, లేకపోతే పొద్దున్నకి రసమలైకి ఇడ్లీ పిండి వాసన పట్టేస్తుంది. తినేటప్పుడు డబ్బా మొత్తం టేబుల్ మీదికి తేకుండా కావలసినన్ని కప్పుల్లోకి తీసుకోండి, ఎంగిలి స్పూను మాత్రం అందులో పెట్టొద్దు. బయట 2 గంటలు దాటకూడదు, మన మే నెల ఎండల్లో అయితే గంటే.

ఈ తప్పు నేనూ చేశాను. మా ఇంట్లో పుట్టినరోజు నాడు బిర్యానీ, కబుర్లు అయ్యేసరికి గిన్నె మూడు గంటలు టేబుల్ మీదే ఉండిపోయింది, తర్వాత ఏం కాదులే అని ఫ్రిజ్‌లో పెట్టేశాం. మర్నాడు మూత తీస్తే కమ్మటి వాసనే, యాలకులు, కుంకుమపువ్వు పులుపును కప్పేస్తాయి మరి. స్పూనుతో ముద్దని పైకి లేపితే మాత్రం పాలు తీగలా సాగాయి. మొత్తం పారబోశాం.

కాబట్టి ముక్కునే నమ్ముకోకండి. పాలు తీగ సాగడం, ముద్ద జిగురుగా తగలడం, అంచుల్లో సన్నటి బుడగలు, మూత ఉబ్బడం, పిస్తా పలుకుల మీద బూజు, ఏ ఒక్కటి కనబడినా రుచి చూడక్కర్లేదు, పారేయండి. పైన మీగడ కట్టినా, పాలు కాస్త చిక్కబడినా, పసుపు రంగు ముదిరినా టెన్షన్ పడొద్దు, అది మామూలే. ఇంకో సంగతి, కొన్ని క్రిములు వాసన, రుచి ఏమీ మార్చవు, అందుకే పైకి బాగానే కనబడినా గడువు దాటితే వదిలేయడమే. పాలు మళ్లీ కాచేస్తే సరిపోతుందని పెద్దవాళ్లు అంటారు గానీ కొన్ని క్రిములు వదిలిన విషం మరిగినా పోదు.

కరెంటు పోతే ఫ్రిజ్ తెరవకండి, 4 గంటల దాకా చల్లదనం ఆగుతుంది. ఫ్రీజర్‌లో పెడితే పాడవదు గానీ కరిగాక పాలు రవ్వరవ్వగా, ముద్దలు రబ్బరులా అవుతాయి, నాకైతే అది తినబుద్ధి కాదు.