ట్రాక్షన్ కంట్రోల్ లైటు ఆరకపోతే: నా అనుభవం

డ్యాష్‌బోర్డులో జారుతున్న కారు బొమ్మ ఉన్న పసుపు లైటు తడి రోడ్డు మీద మిణుకుమిణుకుమని ఆగిపోతే టెన్షన్ అక్కర్లేదు. చక్రం జారబోతుంటే సిస్టమ్ ఇంజిన్ పవర్ తగ్గించి అదుపు చేస్తోందన్నమాట. మా కారులో మాత్రం వానాకాలంలో అది ఆరకుండా వెలిగింది, పక్కనే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే సిస్టమ్) లైటు కూడా. ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ బటన్ నొక్కి ఉందేమో చూశా, లేదు. రెండూ కలిసి వెలిగితే ముందు అనుమానించాల్సింది వీల్ స్పీడ్ సెన్సర్‌నే. రెండు సిస్టమ్‌లూ అది చెప్పే వేగం మీదే ఆధారపడతాయి.

కారు లోపాలను చదివే స్కానర్ పెట్టిస్తే వెనక ఎడమ చక్రం సెన్సర్‌లో లోపమని కోడ్ వచ్చింది. చక్రం విప్పితే సెన్సర్ కొన మీద బురద, ఇనుప రజను గట్టిగా పేరుకుని ఉన్నాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, కనెక్టర్ బిగించి, కోడ్ చెరిపించి కాస్త దూరం నడిపాక లైటు ఆరిపోయింది.

పనిలో పనిగా టైర్లూ చూశాం. ఒక చక్రానికి వేరే సైజు టైరు వేసినా వేగాల్లో తేడా వచ్చి ఈ లైటు వెలగొచ్చు. గాలి ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే మార్చాల్సిందే. నేనైతే అంతదాకా ఆగకుండా వానలకు ముందే మార్చేస్తాను.