కాన్ఫిగ్ మార్చినా లినక్స్ వినడం లేదా? ముందు అది ఏ ఫైల్ చదువుతోందో చూడండి

ఫైల్ తెరిచాం, లైన్ మార్చాం, సేవ్ చేశాం, సర్వీస్ రీస్టార్ట్ చేశాం. అయినా ఏమీ మారలేదు. ఇక్కడ చాలామంది చేసే పని ఒకటే: నెట్‌లో వెతికి దొరికిన ఇంకో లైన్ చేర్చడం, అదీ పనిచేయకపోతే మరొకటి, అరగంట గడిచేసరికి ఆ ఫైల్‌లో ఏది మనం రాసిందో ఏది ముందునుంచీ ఉందో మనకే తెలియని పరిస్థితి. దయచేసి అలా చేయకండి. ఇలాంటి సమస్యల్లో మనం రాసిన లైన్ తప్పు కావడం తక్కువ. ఆ ప్రోగ్రామ్ మన ఫైల్‌ని అసలు చదవకపోవడమో, చదివినా ఇంకోచోట ఉన్న విలువనే తీసుకోవడమో ఎక్కువ. అందుకే ఎడిటర్ మూసేసి ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: అది ఏ ఫైల్ చదువుతోంది, దాన్ని ఏమని అర్థం చేసుకుంది, ఎప్పుడు చదివింది.

కమాండ్లు, ఫైల్ పేర్లు కూడా తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి, పెద్ద అక్షరం కావాల్సిన చోట క్యాపిటల్ అని చెబుతాను.

అందరికీ తగిలే, దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్‌తో మొదలుపెడదాం. కొత్తగా తీసుకున్న ఉబుంటు క్లౌడ్ సర్వర్‌లో పాస్‌వర్డ్‌తో లాగిన్ కాకుండా ఆపేసి, కీ ఉన్నవాళ్లని మాత్రమే రానివ్వాలి అనుకున్నారు. ఈటీసీ కింద ఎస్ఎస్‌హెచ్ డైరెక్టరీలో ఎస్ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఎదురుగా ‘నో’ అని రాశారు, రీస్టార్ట్ చేశారు, మళ్లీ లాగిన్ అయి చూస్తే సర్వర్ ఇంకా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. అదే ఫైల్‌ని పైనుంచి చదవండి. మొదట్లోనే ‘ఇంక్లూడ్’ అని ఒక లైన్ ఉంటుంది, అది పక్కనే ఉన్న ఎస్ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ డైరెక్టరీలో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైళ్లన్నిటినీ ముందే లోపలికి తెచ్చేస్తుంది. చాలా క్లౌడ్ ఇమేజ్‌లలో అక్కడ 50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్ అనే ఫైల్ కూర్చుని ఉంటుంది, అందులో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ‘యెస్’ అని ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్‌డీ, అంటే సర్వర్‌లో లాగిన్‌లు స్వీకరించే ప్రోగ్రామ్, పాటించే నియమం ఏమిటంటే ఒక సెట్టింగ్‌కి మొదట కనపడిన విలువే చెల్లుతుంది, బస్సులో ముందుగా కర్చీఫ్ వేసినవాడిదే సీటు అన్నట్టు. తర్వాత మీరు ఎన్నిసార్లు ‘నో’ అని రాసినా దానికి పట్టదు.

దీన్ని ఊహించనక్కర్లేదు, ప్రోగ్రామ్‌నే అడగొచ్చు. ‘సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ’ తర్వాత హైఫన్, క్యాపిటల్ టీ ఇచ్చి చూడండి. ఫైళ్లన్నీ కలిపి చదివాక చివరికి దాని చేతిలో ఉన్న సెట్టింగ్‌లన్నీ వరుసగా ప్రింట్ చేస్తుంది, అందులో పాస్‌వర్డ్ అనే మాట కోసం గ్రెప్‌తో వెతికితే చాలు. ‘మ్యాచ్’ బ్లాకులు (కొందరు యూజర్లకో అడ్రస్‌లకో మాత్రమే వర్తించే సెట్టింగ్‌లు) వాడేవాళ్లు మాత్రం క్యాపిటల్ సీ ఆప్షన్‌తో యూజర్ పేరు, అడ్రస్ కూడా ఇవ్వాలి, లేకపోతే ఆ బ్లాకుల్లోని విలువలు ఇందులో కనపడవు. ఇక పరిష్కారం: అదే డైరెక్టరీలో 10తో మొదలయ్యే పేరుతో మీ సొంత ఫైల్ ఒకటి పెట్టండి. ఫైళ్లు పేరు వరుసలో చదవబడతాయి కాబట్టి 10 అనేది 50 కంటే ముందు వస్తుంది, మీ ‘నో’ గెలుస్తుంది. అసలు ఫైల్‌ని ముట్టుకోకపోవడం వల్ల ఇంకో లాభం ఉంది, ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినప్పుడు ‘మీ ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా’ అన్న ప్రశ్న రాదు.

పోర్ట్ మార్చినప్పుడు ఇంకో చిక్కు. ఉబుంటు 22.10 నుంచి ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ మీద వినేది నేరుగా ఎస్ఎస్‌హెచ్‌డీ కాదు, సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ తరఫున ఎస్ఎస్‌హెచ్.సాకెట్ అనే యూనిట్. కాబట్టి పోర్ట్ నంబర్ మార్చి ఎస్ఎస్‌హెచ్ సర్వీస్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా పాత 22 మీదే ఉంటుంది. 24.04లో అయితే కాన్ఫిగ్‌లో పోర్ట్ మార్చి, ‘సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్’ ఇచ్చి, ఎస్ఎస్‌హెచ్.సాకెట్‌ని రీస్టార్ట్ చేయాలి. అప్పుడు ‘ఎస్ఎస్ హైఫన్ టీఎల్ఎన్‌పీ’ కొట్టి నిజంగా ఏ పోర్ట్ మీద వింటోందో కళ్లతో చూసుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎస్ఎస్‌హెచ్ మీద పనిచేసేటప్పుడు ఇప్పుడున్న సెషన్ మూయకండి. ముందు ఎస్ఎస్‌హెచ్‌డీకి చిన్న టీ ఆప్షన్ ఇచ్చి ఫైల్‌లో తప్పులున్నాయేమో చూసుకుని, తర్వాతే రీస్టార్ట్ చేసి, ఇంకో టెర్మినల్ తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడండి. అది పనిచేశాకే పాతది మూయాలి. రీస్టార్ట్ వల్ల తెరిచి ఉన్న సెషన్ తెగిపోదు కాబట్టి వెనక్కి రావడానికి అదే దారి.

‘మొదటిదే చెల్లుతుంది’ అన్నది అన్నిచోట్లా నిజం అనుకుంటే మళ్లీ దెబ్బతింటారు. సుడో ఎవరు వాడొచ్చో చెప్పే సుడోయర్స్ ఫైల్‌లో సరిగ్గా దీనికి తిరగబడి, సరిపోయిన నియమాల్లో చివరిదే చెల్లుతుంది. సిస్టమ్‌డీ యూనిట్లలోనూ సాధారణంగా తర్వాత వచ్చిందే నెగ్గుతుంది, కానీ కొన్ని సెట్టింగ్‌లు ఒకదాని వెనక ఒకటి చేరుతూ పోతాయి. సర్వీస్ ఏ కమాండ్‌తో మొదలవాలో చెప్పే ఎగ్జెక్‌స్టార్ట్ (ఇందులో ఈ, ఎస్ క్యాపిటల్) అలాంటిదే. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’ ఇచ్చి కొత్త ఎగ్జెక్‌స్టార్ట్ రాస్తే, ఈ సర్వీస్‌కి రెండు ఎగ్జెక్‌స్టార్ట్‌లు ఉన్నాయని గొడవపెట్టి అది లేవదు. ముందు ఖాళీగా ‘ఎగ్జెక్‌స్టార్ట్=’ అని ఒక లైన్ రాసి పాతదాన్ని చెరిపి, కింది లైన్‌లో కొత్తది రాయాలి. ‘సిస్టమ్‌సీటీఎల్ క్యాట్’ అని సర్వీస్ పేరు ఇస్తే ఆ యూనిట్ ఎన్ని ఫైళ్ల నుంచి తయారైందో దారులతో సహా చూపిస్తుంది. ఈ కమాండ్ ఒక్కటి అలవాటు చేసుకున్నా బోలెడు టైమ్ మిగులుతుంది. వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌కి కూడా క్యాపిటల్ టీ ఆప్షన్ ఉంది, ఇంక్లూడ్ చేసిన ఫైళ్లన్నీ కలిపి చూపిస్తుంది. మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్‌కి ‘పోస్ట్‌కాన్ఫ్ హైఫన్ ఎన్’. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ‘షో కాన్ఫిగ్_ఫైల్’ అని అడిగితే ఏ ఫైల్ చదివిందో చెబుతుంది, ఒకే మెషీన్‌లో రెండు వెర్షన్లు ఉన్నవాళ్లు ముందు ఇదే అడగాలి.

కొన్ని ఫైళ్లు అసలు మనం ఎడిట్ చేయాల్సినవే కావు. డీఎన్ఎస్ సర్వర్ (వెబ్‌సైట్ పేర్లని ఐపీ అడ్రస్‌లుగా మార్చేది) మారుద్దామని ఈటీసీలోని రిజాల్వ్.కాన్ఫ్ మారిస్తే రీబూట్ తర్వాత పాత విలువే వస్తుంది. ‘ఎల్ఎస్ హైఫన్ ఎల్’ కొట్టి చూడండి, ఉబుంటులో అది ఫైల్ కాదు, సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ తయారుచేసే ఫైల్‌కి సింబాలిక్ లింక్. మార్పు నెట్‌ప్లాన్‌లోనో నెట్‌వర్క్ మేనేజర్‌లోనో చేయాలి, ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’తో చెక్ చేసుకోవాలి. దూరంగా ఉన్న సర్వర్ అయితే ‘నెట్‌ప్లాన్ ట్రై’ వాడండి, 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగ్‌కి అదే వెళ్లిపోతుంది. బూట్ లోడర్ గ్రబ్ చదివే గ్రబ్.సీఎఫ్‌జీ కూడా ఇంతే, మార్చాల్సింది ఈటీసీ డిఫాల్ట్‌లోని గ్రబ్ ఫైల్, తర్వాత ‘అప్‌డేట్-గ్రబ్’. ఇలాంటి ఫైళ్లలో మొదటి రెండు మూడు లైన్లలోనే చేత్తో మార్చవద్దని రాసి ఉంటుంది, చదవకుండా కిందికి దిగిపోతాం అంతే.

ఫైల్ పేరు వల్ల వచ్చే తంటా ఇంకా విచిత్రం. డెబియన్, ఉబుంటులలో రోజూ వాటంతటవే నడవాల్సిన స్క్రిప్టులు ఉండే క్రాన్.డైలీలో ‘బ్యాకప్.ఎస్‌హెచ్’ అని స్క్రిప్ట్ పెడితే అది ఎప్పటికీ నడవదు, ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే పేరులో చుక్క ఉన్న ఫైళ్లని ఆ స్క్రిప్టులని నడిపే రన్-పార్ట్స్ వదిలేస్తుంది. ‘బ్యాకప్’ అని పేరు మార్చండి చాలు. ‘రన్-పార్ట్స్ --టెస్ట్’ ఇస్తే వేటిని నడుపుతుందో ముందే చెబుతుంది. సుడోయర్స్.డీలో కూడా చుక్క ఉన్న పేర్లు చెల్లవు. ఎంజిన్‌ఎక్స్ మాత్రం సైట్స్-ఎనేబుల్డ్‌లో ఏ పేరుతో ఏముంటే అది చదివేస్తుంది, కాబట్టి అక్కడ ‘డిఫాల్ట్.బీఏకే’ అని బ్యాకప్ కాపీ ఉంచితే అది కూడా లైవ్ కాన్ఫిగ్ అయిపోయి డూప్లికేట్ డిఫాల్ట్ సర్వర్ అని ఎర్రర్ వస్తుంది. బ్యాకప్ కాపీలు ఎప్పుడూ వేరే డైరెక్టరీలో పెట్టండి.

ఫైల్ సరైనదే, విలువ సరైనదే, అయినా మారలేదంటే అది ఎప్పుడు చదివిందో చూడాలి. యూనిట్ ఫైల్ గానీ, ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ గానీ మార్చాక డీమన్-రీలోడ్ ఇవ్వకపోతే సిస్టమ్‌డీకి కొత్త విషయం తెలియదు. యూజర్‌ని డాకర్ గ్రూప్‌లో చేర్చినా, ఆ యూజర్ లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయ్యేదాకా పర్మిషన్ రాదు. బ్యాష్ఆర్‌సీలో పెట్టిన పాత్ (కమాండ్లని వెతికే డైరెక్టరీల జాబితా) మీ టెర్మినల్ కోసమే, సిస్టమ్‌డీ సర్వీసులు దాన్ని చదవవు, క్రాన్ కూడా అంతే. టెర్మినల్‌లో నడిచిన స్క్రిప్ట్ రాత్రి క్రాన్‌లో ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అందంటే కారణం దాదాపు ఇదే, స్క్రిప్ట్ లోపల కమాండ్లకి పూర్తి దారి ఇవ్వండి.

కంటికి కనపడని అక్షరాల గురించి తెలుగువాళ్లు కాస్త ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఎవరో పంపిన కమాండ్‌ని కాపీ చేసి ఫైల్‌లో పేస్ట్ చేస్తాం. మామూలు కోట్ గుర్తులు వంకర కోట్లుగా మారి ఉంటాయి, రెండు హైఫన్లు ఒక పొడుగు గీత అయిపోయి ఉంటాయి. దానికి తోడు ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలు సరిగ్గా కనపడటానికి మన కీబోర్డులు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని అక్షరం పెడతాయి, తెలుగు వాక్యం మధ్యలోంచి కాపీ చేసినప్పుడు అది కూడా అంటుకుని వచ్చేస్తుంది. ఎడిటర్‌లో ఎంత చూసినా లైన్ సరిగ్గానే ఉంటుంది. ‘క్యాట్’కి హైఫన్, క్యాపిటల్ ఏ ఇచ్చి ఫైల్ చూడండి, లినక్స్ లాంటి మరో సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీలో అయితే చిన్న ఈ, టీ. ఇంగ్లిష్ కాని ప్రతి బైటూ ఎమ్, హైఫన్‌తో మొదలయ్యే గుర్తుగా బయటపడుతుంది. లైన్ చివర డాలర్ ముందు టోపీ గుర్తు, ఎమ్ కనపడితే ఆ ఫైల్ విండోస్‌లో సేవ్ అయింది, డాస్2యూనిక్స్‌తో సరిచేయొచ్చు.

పర్మిషన్లు త్వరగా చెబుతాను. ఎస్ఎస్‌హెచ్ కీ పనిచేయకపోతే డాట్ ఎస్ఎస్‌హెచ్ డైరెక్టరీ 700, ఆథరైజ్డ్_కీస్ 600 ఉండాలి, హోమ్ డైరెక్టరీలో గ్రూప్‌కి రాసే అనుమతి ఉండకూడదు. రెడ్ హ్యాట్, ఫెడోరాలలో ఇవన్నీ బాగున్నా ఎస్ఈలినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థ అడ్డుపడొచ్చు. హోమ్‌లో ఫైల్ తయారుచేసి ‘ఎంవీ’తో ఈటీసీలోకి తెస్తే పాత లేబుల్‌తోనే వస్తుంది, ‘రిస్టోర్‌కాన్’ ఇస్తే సరిపోతుంది. దీనికోసం ఎస్ఈలినక్స్‌నే ఆపేయమని చెప్పేవాళ్ల మాట వినకండి.

ఇవేవీ తేలకపోతే ‘ఎస్‌ట్రేస్’తో ఆ ప్రోగ్రామ్‌ని నడిపి ఫైళ్లు తెరిచే ఓపెన్ఎట్ కాల్స్ మాత్రం చూడండి. అది వెతికిన ప్రతి ఫైల్ పేరూ, దొరికిందా లేదా అన్నదీ వరుసగా వస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో ‘ట్రస్’ ఆ పని చేస్తుంది. డాక్యుమెంటేషన్ ఏం చెప్పినా ఇక్కడ కనపడిందే నిజం.

మెషీన్ బూట్ కావడమే ఆగిపోయే రెండు ఫైళ్లు ఉన్నాయి. లినక్స్‌లో ఎఫ్ఎస్‌ట్యాబ్: ఒక డిస్క్ యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) తప్పుగా రాస్తే సిస్టమ్‌డీ దానికోసం 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది. రీబూట్‌కి ముందే ‘ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై’ కొట్టండి, బూట్‌కి అవసరం లేని డిస్కులకి ‘నోఫెయిల్’ పెట్టండి. పడిపోయాక అయితే రూట్‌ని ‘మౌంట్ హైఫన్ ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /’తో రాయగలిగేలా చేసి ఆ లైన్ ముందు హ్యాష్ పెట్టాలి. ఉబుంటులో రూట్ అకౌంట్ లాక్ అయి ఉంటుంది కాబట్టి ఎమర్జెన్సీ షెల్ రాకపోవచ్చు, అప్పుడు గ్రబ్ మెనూలో ఈ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర ‘ఇనిట్=/బిన్/బ్యాష్’ చేర్చి బూట్ చేసి అదే పని చేయండి.

ఫ్రీబీఎస్‌డీలో ఆర్‌సీ.కాన్ఫ్: అది నిజానికి షెల్ స్క్రిప్ట్, ఒక కోట్ మూయడం మరిచిపోతే బూట్ మధ్యలో ఆగిపోతుంది. సింగిల్ యూజర్ మోడ్‌లోకి వెళ్లి, యూఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్క్ అయితే ‘మౌంట్ హైఫన్ యూడబ్ల్యూ /’ ఇచ్చి సరిచేసి, ‘ఎస్‌హెచ్ హైఫన్ ఎన్’తో ఆ ఫైల్‌ని చెక్ చేసుకోండి. జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లు పెద్ద మార్పుకి ముందు ‘బీఈసీటీఎల్ క్రియేట్’తో ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్ అప్పటి స్థితికి కాపీ) చేసి పెట్టుకుంటే, తేడా వచ్చినప్పుడు లోడర్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని బూట్ కావొచ్చు. ఇక మీదట ఆర్‌సీ.కాన్ఫ్‌ని ఎడిటర్‌లో తెరవకుండా ‘సిస్‌ఆర్‌సీ’తోనే మార్చండి, కోట్లు అదే సరిగ్గా పెడుతుంది.