వాడేసిన నీటికి చెరువు: పర్లాకిమిడి వైపు పల్లెలకు

ఒడిశాలోని మా గజపతి జిల్లా పల్లెల్లో వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు వీధిలోకే వదిలేస్తాం, ఆ తర్వాత దోమలని తిట్టుకుంటాం. మరుగుదొడ్డి నీళ్లు గుంటల్లోకి పోతున్నాయి కాబట్టి మిగతా వాడేసిన నీళ్లు నిలిచి శుభ్రపడడానికి ఒక చెరువు తవ్వితే చాలు.

ముందు లెక్క. 500 మంది, మనిషికి రోజుకు 55 లీటర్లు, అందులో 80 శాతం బయటికి వస్తుందనుకుంటే రోజుకు 22 ఘనపు మీటర్లు. ఆ నీరు పది రోజులు నిలవాలంటే 1.2 మీటర్ల లోతున సుమారు 20 మీటర్లు పొడవు, 9 మీటర్లు వెడల్పు కావాలి, గట్ల వాలు వేరే. ఇంకా లోతు తవ్వేద్దాం అంటారు కొందరు, వద్దు: ఎండ తగిలితేనే నాచు పెరుగుతుంది, నాచు వదిలే ఆక్సిజన్‌తోనే బాక్టీరియా మురికిని తింటాయి.

స్థలం ఊరికి దిగువన, ఇళ్లకీ బావులకీ దూరంగా, వాన నీరు చొరబడని చోట చూడండి. నేల ఇసుకదైతే అడుగున బంకమట్టి వేసి దిమ్మిస కొట్టాల్సిందే. నీరు వచ్చే చోట జాలీ పెట్టండి, చెత్త రోజూ తీయాలి. నీరు పోయే గొట్టం ఎదుటి మూల ఉండాలి, పక్కపక్కనే పెడితే మురికి అలాగే బయటికి పోతుంది.

నీరు ఆకుపచ్చగా ఉంటే టెన్షన్ వద్దు, అదే మంచిది. నల్లబడి కంపు కొడితే చెరువులోకి వచ్చే మురికి ఎక్కువైనట్టు. గుర్రపుడెక్క కనిపిస్తే వెంటనే పీకేయండి, గట్ల మీద గడ్డి కోయండి, దోమలు ఆ మొక్కల మధ్య నీళ్లలోనే గుడ్లు పెడతాయి.