పాత పికప్ బండి కొనేముందు: గోదావరి డెల్టాలో కనిపించే జబ్బులు, కారణాలు, మందులు

"అన్నయ్యా, రావులపాలెంలో ఒక పికప్ చూశాం. ఇంజన్ బంగారంలా ఉంది. తీసేసుకోమంటావా?" అని తెలిసినవాళ్లు ఫోన్ చేస్తుంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "ఇన్నాళ్లూ ఏ సరుకు తోలింది?" చాలామంది ఆ మాట అడగకుండానే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు.

పికప్ అంటే ఇక్కడ నేను చెబుతున్నది బొలెరో పికప్, టాటా యోధా, అశోక్ లేలాండ్ దోస్త్ లాంటి బండ్ల గురించి. టన్నుంబావు నుంచి రెండు టన్నుల దాకా మోసేవి. మన వైపు వీటికి దొరకని పని లేదు. కడియం నర్సరీ మొక్కలు, అంబాజీపేట కొబ్బరికాయలు, రావులపాలెం అరటి గెలలు, మండపేట కోడిగుడ్లు, భీమవరం చుట్టుపక్కల చేపలు, రొయ్యలు అన్నీ వీటి మీదే వెళ్తాయి. మోసిన సరుకును బట్టే బండికి జబ్బులు వస్తాయి. మొక్కలు, అరటి మోసిన బండికి తడి తగులుతుంది కానీ అది మంచినీళ్ల తడి. ఇసుక, ఇటుక మోసిన బండికి కమాన్ కట్టలు (బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు), వెనక హౌసింగ్ (వెనక ఇరుసు, దాని పళ్లచక్రాలు ఉండే ఇనుప తొడుగు) పోతాయి. కోళ్ల బండిని రెట్ట తినేస్తుంది. వీటన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది తీరం వైపు వెనామీ రొయ్యలు తోలిన బండికి. ఐసు కరిగి, ఉప్పునీళ్లతో కలిసి, రోజూ ట్రేల లోంచి కిందికి కారి చాసీ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) లోపలికి దిగుతుంది.

చాసీకి కొత్తగా నల్లరంగు కొట్టి ఉంది

అమ్మేముందు బండి కడగడం, పైన పెయింట్ వేయించడం మామూలే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ పైన పాత గీతలు అలాగే ఉండి, కింద చాసీ మాత్రం కాటుక పెట్టినట్టు నిగనిగలాడుతుంటే అక్కడే ఆగండి.

2016లో నేను కొన్న బండి అలాంటిదే. ఇంజన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, క్యాబిన్‌లో అగరొత్తుల వాసన ఘుమఘుమలాడింది. రొయ్యల నీచు కంపు దాచడానికే ఆ వాసన అని నాకు అప్పుడు తట్టలేదు. నాలుగు నెలలు తిరిగింది. ఒకరోజు కొబ్బరికాయల లోడుతో చించినాడ బ్రిడ్జి ఎక్కుతుంటే వెనకాల ఫట్‌మని చప్పుడైంది, బండి ఎడమ పక్కకి ఒరిగిపోయింది. దిగి చూస్తే కమాన్ కట్టను పట్టుకునే బ్రాకెట్టు చాసీ ముక్కతో సహా ఊడొచ్చేసింది. విరిగినచోట గోటితో గీకితే నల్లరంగు కింద నుంచి తుప్పు అప్పడాల్లా పొరలు పొరలుగా లేచింది. మా మెకానిక్ చూపుడువేలు చాసీ లోపలికి దూర్చి చూపించాడు. "ఇంజనైతే మళ్లీ చేసుకుంటాం మావయ్యా, దీన్నేం చేస్తాం?" అన్నాడు. అప్పటి నుంచి ఏ బండి దగ్గరికి వెళ్లినా నేను ముందు కిందకి దూరతాను, బానెట్ తర్వాతే ఎత్తిస్తాను.

కారణం ఉప్పు. చాసీ రెండు పక్కలా డబ్బాలా ఉన్నచోట లోపలికి దిగిన ఉప్పునీరు తొందరగా ఆరదు, ఇనుమును లోపలి నుంచే తింటుంది. పైనుంచి ఎంత చూసినా కనబడదు.

అందుకే వెళ్లేటప్పుడు ఒక చిన్న సుత్తి, ఒక స్క్రూడ్రైవర్, ఒక అయస్కాంతం ముక్క, ఒక టార్చి జేబులో వేసుకోండి. గోనెసంచి పరుచుకుని బండి కిందకి దూరండి. కమాన్ కట్ట బ్రాకెట్ల చుట్టూ, అడ్డకమ్మీలు చాసీకి కలిసేచోట, క్యాబిన్ వెనకాల, చాసీ చివర వెనక డోరు కింద సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది పగిలిన కుండలా బొదబొదమంటుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. అయస్కాంతం అంటుకోకుండా జారిపోతే అక్కడ పుట్టీ ఉందని అర్థం. అమ్మేవాళ్లు చిరాకు పడతారు. పడనివ్వండి, మనం పెట్టేది లక్షలు.

పైపైన ఎర్రగా తుప్పు పట్టి, కింద ఇనుము గట్టిగా ఉంటే భయం లేదు. వైరు బ్రష్‌తో గీకించి, ప్రైమర్ కొట్టించి, అండర్‌బాడీ కోటింగ్ వేయించండి. పెచ్చులు లేచినా, కన్నం పడినా, చాసీకి ముక్క వేసి వెల్డింగ్ చేసి ఉన్నా బేరం ఆడకుండా వచ్చేయండి. వెల్డింగ్ వేడి తగిలిన అంచు దగ్గర ఇనుము బలం తగ్గి, లోడు పడ్డప్పుడు పక్కనే మళ్లీ చీలిక వస్తుంది. ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.

ఇంకో మాట. మునుపు నంబరు ప్లేటు చూస్తే బండి ఏ వైపుదో తెలిసేది. ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి. 2019లో రాష్ట్రమంతటా ఒకటే కోడ్ ఏపీ 39 పెట్టాక ప్లేటు చూసి చెప్పలేం. ఆర్‌సీ మీద ఓనరు చిరునామా చదవండి. ఊరు సముద్రం పక్కనే అయితే సుత్తికి ఇంకాస్త పని చెప్పండి.

మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది

"ఇప్పుడే అలా తిప్పుకొచ్చామండి" అంటారు. నిజమే కావచ్చు. కానీ వేడి ఇంజన్ చాలా జబ్బులు దాచేస్తుంది. టీ తాగొస్తామని చెప్పి వచ్చేసి, మర్నాడు పొద్దున్నే ఆరింటికి చెప్పకుండా వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. అప్పుడు స్టార్ట్ చేయించి సైలెన్సర్ దగ్గర నిలబడండి.

మంచు రోజుల్లో కాసేపు పల్చటి తెల్లపొగ వచ్చి పోతే ఫర్వాలేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోయినా, రేడియేటర్‌లో బుడగలు లేస్తున్నా, కూలెంట్ పదే పదే తగ్గిపోతున్నా హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానించాలి. నీలంపొగ అంటే ఆయిల్ కాలుతోంది. రింగులో, వాల్వ్ సీళ్లో, టర్బోనో అరిగింది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నల్లపొగ వస్తే అంత కంగారు లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, టర్బో గొట్టం చిట్లడం, ఇంజెక్టర్లు సరిగా కొట్టకపోవడం లాంటివి కారణాలు. మొదటి రెండూ చిన్న ఖర్చు, ఇంజెక్టర్లయితే చెయ్యి కాలుతుంది.

తర్వాత ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తలకిందులుగా ఆ కన్నం మీదే పెట్టండి. కొద్దిగా వణికితే సరే. గుప్పుమని ఆవిరి తన్ని మూత ఎగిరి పక్కన పడితే కంప్రెషన్ కిందకి దిగిపోతోందన్నమాట, ఇంజన్ చేయించాలి. అప్పుడు కూడా బండి వదిలేయక్కర్లేదు. చాసీ గట్టిదైతే మీ మెకానిక్ చేత బోరు, పిస్టన్లు, రింగులు, లేబరు అన్నీ కాయితం మీద లెక్క రాయించండి. ఆ మొత్తం తగ్గించి అడగండి. ఇలా కొని, ఇంజన్ చేయించుకుని ఏళ్ల తరబడి నడుపుకుంటున్నవాళ్లు నాకు తెలుసు.

ఆయిల్ పాలకాఫీ రంగులో ఉంది, లైట్లు ఒక్కోసారి వెలుగుతాయి ఒక్కోసారి వెలగవు

ఈ రెండూ కలిసి కనబడితే బండి వరదలో మునిగిందేమో చూడాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు దాటి పైకి పోయింది. కోనసీమ లంక ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి నీళ్లలో నిలబడిపోయిన బండి తర్వాత ఎక్కడో దూరాన అమ్మకానికి కనబడితే ఆశ్చర్యం లేదు.

సీటు బెల్టు పూర్తిగా చివరి దాకా బయటికి లాగండి. రోజూ బయట ఉండే భాగం కడుగుతారు, చుట్టలో ఉండిపోయే ఆఖరి మూర ఎవరూ కడగరు. అక్కడ ఒండ్రు చార కనబడుతుంది. హెడ్‌లైట్ అద్దం లోపల అడుగున మట్టిపొర, సీటు కింద ఇనుప కమ్మీల మూలల్లో ఎండిన బురద, ఫ్యూజుల డబ్బాలో పచ్చటి చిలుము ఇవన్నీ ఒకటే మాట చెబుతాయి. గేర్‌బాక్సు ఆయిల్, హౌసింగ్ ఆయిల్ కూడా నట్టు విప్పించి చూడండి. ఇంజన్ ఆయిల్ ఒక్కటే మార్చి అమ్మేస్తుంటారు.

మెకానికల్ డీజిల్ పంపు ఉన్న పాత బండి అయితే ఆయిళ్లన్నీ దించి కొత్తవి పోసి, చక్రాల బేరింగులు కడిగించి గ్రీజు పెట్టి, సెల్ఫ్, డైనమో విప్పి ఆరబెడితే మళ్లీ బాగుపడుతుంది. కంప్యూటర్, సెన్సార్లతో నడిచే కొత్త బండి మునిగితే మాత్రం వద్దు. వైర్ల లోపల చిలుము పాకి, ఏడాది తర్వాత కూడా ఏదో ఒక రాత్రి చేను గట్టు మీద ఆపేస్తుంది. ఆయిల్ పోసే మూత అడుగున మాత్రమే కాస్త తెల్లటి జిగురు ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే అది గాలిలో తేమ, కంగారు పడకండి.

ఖాళీగా బాగానే లాగుతుంది, లోడు వేస్తే గింజుకుంటుంది

ఖాళీ బండి తిప్పి చూసి కొనడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. బేరం కుదిరేలా ఉంటే "లోడుతో ఒకసారి చూద్దామండి" అని అడగండి. 75 కిలోల ధాన్యం బస్తాలు 20 వేస్తే టన్నున్నర. ఆర్‌సీలో ఎంత బరువు రాసి ఉందో చూసి, అంతకి మించకుండా వేయండి. డెల్టాలో కొండలు లేవు కాబట్టి మనకి ఘాట్ రోడ్డు అంటే బ్రిడ్జి ఎక్కే దారే. సిద్ధాంతం బ్రిడ్జి అయినా, యానాం ఎదుర్లంక బ్రిడ్జి అయినా, ఎక్కే చోట థర్డ్ గేరులో వేసి చూడండి.

ఇంజన్ చప్పుడు పెరుగుతోంది కానీ బండి వేగం పెరగట్లేదు అంటే క్లచ్ జారుతోంది. దీన్ని నిలబెట్టి కూడా చూడొచ్చు. చక్రాలకి రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, థర్డ్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి, ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు అయిపోయింది. క్లచ్ సెట్టు మార్చడం భయపడే పని కాదు, ధరలో తగ్గించుకోండి.

బ్రిడ్జి దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదలగానే వెనక నుంచి గుయ్‌మని మోత వస్తే హౌసింగ్ లోపలి పళ్లచక్రాలు, అంటే క్రౌన్, పినియన్ అరిగాయి. గేరు దానంతట అదే న్యూట్రల్‌కి వచ్చేస్తుంటే గేర్‌బాక్సు విప్పాలి. ఈ రెండూ కలిసి ఉన్న బండి మోయాల్సిన దానికంటే చాలా ఎక్కువ మోసింది. కమాన్ కట్టలో పట్టీలు లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చిన దానికంటే ఒకటో రెండో ఎక్కువ ఉంటే, అందులోనూ మిగతావి పాతబడి అవి కొత్తగా ఉంటే, ఓనరు ఏమి తోలాడో అవే చెబుతాయి. అలాంటి బండికి హౌసింగ్ మీద వెల్డింగ్ గీతలు ఉన్నాయేమో వెతకండి.

మీటరు తక్కువ చూపిస్తోంది, బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం అరిగిపోయింది

మీటరు నమ్మకండి. టైరు పక్కన అచ్చు చూడండి. చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైంది. బండి కూడా 2019దే, మీటరు ముప్పై వేలు, టైర్లు మాత్రం గత ఏడాదివి అంటే లెక్క కుదరదు. టైరు ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది లేదా ముందు జాయింట్లు ఊగుతున్నాయి. జాకీ ఎత్తి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే తెలిసిపోతుంది.

బీఎస్ 6 బండిలో డీపీఎఫ్ లైటు వెలుగుతోంది

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన డీజిల్ పికప్‌లకి (బీఎస్ 6 పొగ నిబంధనల బండ్లు) పొగలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్నే డీపీఎఫ్ అంటారు. చెరువు గట్టు నుంచి కాటా దాకా, కాటా నుంచి ఐసు ఫ్యాక్టరీ దాకా రోజంతా చిన్న చిన్న ట్రిప్పులు తిరిగితే ఆ మసి కాలేంత వేడి రాదు. ఫిల్టర్ మూసుకుపోయి లైటు వస్తుంది. రావులపాలెం నుంచి తణుకు వైపు హైవే మీద అరగంట ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు ఆరిపోతుంది. ఆరకపోతే స్కానర్ పెట్టించాలి.

దీనికంటే ప్రమాదం అసలు ఏ లైటూ వెలగకపోవడం. తాళం తిప్పి స్టార్ట్ చేయకముందు హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. ఇంజన్ లైటు అప్పుడు కూడా వెలగలేదంటే దాన్ని ఎవరో చంపేశారు.

ఆర్‌సీలో పేరు ఒకరిది, అమ్మేది ఇంకొకరు

మధ్యలో బ్రోకరు ఉన్నా ఓనరుతో ఒకసారి ముఖాముఖి మాట్లాడండి. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నంబరు కొట్టి ఫైనాన్స్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలు చూడండి, చలానాలు కూడా విడిగా చూసుకోండి. ఫైనాన్స్ ఇంకా చూపిస్తుంటే "కట్టేశామండి" అన్న మాట సరిపోదు. అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఆ అప్పు కొట్టేయించడానికి సంతకాలు పెట్టిన ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్‌టీఓకి తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. బండి వయసు 8 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏడాదికోసారి, అంతవరకు రెండేళ్లకోసారి. బండి, సరుకు కలిపి మొత్తం బరువు ఆర్‌సీలో 3000 కిలోలు మించితే గూడ్స్ పర్మిట్ కూడా అడిగి తీసుకోండి.

మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. పేరు మారేదాకా కొంత ఆపుకుంటామని ముందే కాయితం మీద రాసుకోండి. సంతకాలకి ముందు చాసీ మీద నంబరు చోట గుడ్డతో తుడిచి, తెల్లకాయితం అదిమి పెట్టి, పెన్సిల్‌తో అడ్డంగా రుద్దండి. 17 అక్షరాలూ అంకెలూ అచ్చులా పడతాయి. ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి. ఒక్క అంకె తేడా ఉన్నా, ఆ చుట్టుపక్కల గ్రైండర్ గీతలు కనబడినా ఇచ్చిన అడ్వాన్సు అక్కడే వెనక్కి అడగండి.