వయసు నిరూపించమంటే ఏం చేయాలి, ఏం ఇవ్వకూడదు

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి ప్రధాన సోషల్ మీడియా వేదికల్లో ఖాతా ఉండకూడదు. జరిమానా పిల్లలకో తల్లిదండ్రులకో కాదు, కంపెనీలకే: 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా. అందుకే అనుమానం వస్తే పెద్దవాళ్లనూ వయసు నిరూపించమంటున్నాయి.

ఆ కబురు మెయిల్‌లోనో ఎస్సెమ్మెస్‌లోనో వస్తే లింకు నొక్కకండి. మోసగాళ్లకు ఇది మంచి అదను. యాప్ తెరిచి, సెట్టింగ్స్‌లో అదే సూచన ఉందేమో చూడండి.

ముందు సెల్ఫీ పద్ధతి ఎంచుకోండి. ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒక్కటే దారి అని కంపెనీ పట్టుబట్టడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. వెలుతురు ముఖం మీద పడాలి, వెనక కిటికీ ఉండకూడదు. టోపీ, కళ్లద్దాలు తీసేసి ఫోను కంటి ఎత్తులో పట్టుకోండి. ముఖం చూసి వేసే అంచనా రెండు మూడేళ్లు అటూ ఇటూ అవుతుంది. పదహారు దాటి కొద్దికాలమే అయినవాళ్లకు ఎక్కువ ఇబ్బంది. తిరస్కరిస్తే అప్పీలు పెట్టండి.

కార్డు ఇవ్వక తప్పకపోతే, దాన్ని ఎవరు పరిశీలిస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో చదివాకే ఇవ్వండి. కార్డు నంబరు కప్పడానికి అనుమతిస్తే కప్పేయండి. ఇది అతిజాగ్రత్త కాదు: 2025లో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌కు పనిచేసే బయటి సంస్థ ద్వారా సుమారు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని డిస్కార్డే ప్రకటించింది. అవి వయసు అప్పీళ్ల కోసం పంపినవే.

పిల్లల ఖాతా మూతపడేలా ఉంటే ఫొటోలు, చాట్‌లు ముందే డౌన్‌లోడ్ చేయించండి.